అమెరికాలో తొలి క్రెడిట్ కార్డు: ఐటిన్‌తో ఎంతవరకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాల్లో ఈ మధ్య ఒకే సందేహం రకరకాలుగా కనిపిస్తోంది. పిల్లలు అమెరికా వెళ్లారు, అక్కడ సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదు, దానికి బదులు పన్ను శాఖ ఇచ్చే ఐటిన్ తీసుకుంటే క్రెడిట్ కార్డు దొరుకుతుందని ఎవరో చెప్పారు, అది నిజమేనా అని అడుగుతున్నారు. నిజమే, కానీ సగమే. ఐటిన్ పన్ను లెక్కల కోసం పుట్టిన నంబరు. కొన్ని బ్యాంకులు దరఖాస్తుదారు ఎవరో పోల్చుకోవడానికి దాన్ని ఒప్పుకుంటాయి, అంతవరకే దాని ఉపయోగం. కార్డు ఇవ్వాలా వద్దా అన్నది ఆదాయం, చిరునామా, పాత చెల్లింపుల చరిత్ర చూసి తేలుస్తారు. ఈ తేడా మనసులో పెట్టుకుని కింది జవాబులు చదవాలని మనవి.

ప్రశ్న: మా అమ్మాయికి నిరుడు పెళ్లయింది. అల్లుడుగారు డాలస్‌లో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నారు, అమ్మాయి హెచ్-4 వీసా మీద వెళ్లింది. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఉద్యోగం చేసి, సొంత క్రెడిట్ కార్డు వాడుకున్న పిల్ల. అక్కడ ప్రతి చిన్న ఖర్చుకూ భర్తను అడగవలసి రావడం తనకు ఇబ్బందిగా ఉంది. ఐటిన్ తీసుకుని తన పేరున కార్డు పొందవచ్చునా? సంపాదన లేనివారికి ఇస్తారా? – ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: పొందవచ్చు. ఉద్యోగం లేకపోవడం అందుకు అడ్డంకి కాదు. అయితే ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. పని చేయడానికి అనుమతి ఉన్న విదేశీయులకు అక్కడి సోషల్ సెక్యూరిటీ కార్యాలయం సోషల్ నంబరు ఇస్తుంది. ఆ నంబరుకు అర్హత లేకున్నా పన్ను రిటర్నులో పేరు చూపవలసి వచ్చేవారికి ఐఆర్ఎస్ అనే పన్ను శాఖ 1996 నుంచి ఐటిన్ ఇస్తోంది. ఇదీ తొమ్మిది అంకెలదే, ఎప్పుడూ 9తోనే మొదలవుతుంది. సోషల్‌కు అర్హులైనవారికి ఐటిన్ ఇవ్వరు. హెచ్-4 మీద ఉన్నవారికి మామూలుగా పని అనుమతి ఉండదు కనుక వారికి ఐటిన్ దారే మిగులుతుంది. కానీ అల్లుడుగారి గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 (యజమాని ఆయన తరఫున వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉంటే, 2015 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం మీ అమ్మాయి పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు, అది చేతికి వస్తే సోషల్ నంబరే వస్తుంది. కనుక ముందు అల్లుడుగారిని ఆ ఐ-140 సంగతి అడగమనండి. ఎల్-1 ఉద్యోగుల భార్యలకైతే ఈ బాధ లేదు, 2021 నవంబరు నుంచి ఎల్-2 హోదాతోనే వారికి పని అనుమతి కలిసి వస్తోంది.

ఐటిన్ కావాలంటే డబ్ల్యు-7 అనే ఫారం నింపాలి. దాన్ని విడిగా పంపితే సాధారణంగా తీసుకోరు, ఆ సంవత్సరపు పన్ను రిటర్నుకు జతచేసి పంపాలి. ఏటా ఏప్రిల్ 15 లోగా వేయవలసిన రిటర్నును మీ అమ్మాయి, అల్లుడుగారు ఇద్దరి పేర్లతో జాయింటుగా వేసినప్పుడు, అమ్మాయి సోషల్ నంబరు ఉండవలసిన గడి ఖాళీగా ఉంచి, డబ్ల్యు-7తో కలిపి టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని ఐటిన్ విభాగానికి పంపుతారు. ఐఆర్ఎస్ దీనికి రుసుము ఏమీ తీసుకోదు. మామూలు రోజుల్లో ఏడు వారాలు, జనవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరిదాకా ఉండే పన్ను రద్దీలో తొమ్మిది నుంచి పదకొండు వారాలు పట్టవచ్చునని ఆ శాఖే చెబుతోంది.

గుర్తింపు పత్రాల దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడుతున్నారు. ఎవరో, ఏ దేశస్థులో రెండూ ఒక్కదానితోనే రుజువు చేయగల పత్రం పాస్‌పోర్టు మాత్రమే. దాని అసలు ప్రతినైనా పంపాలి, లేదా పాస్‌పోర్టు జారీ చేసిన కార్యాలయమే ధ్రువీకరించిన నకలైనా పంపాలి. మన ఊళ్లో కోర్టు ఎదురుగా కూర్చునే నోటరీ ముద్ర గానీ, గెజిటెడ్ అధికారి సంతకం గానీ ఇందుకు పనికిరావు. విదేశంలో ఉంటూ పాస్‌పోర్టును వారాల తరబడి టపాకు అప్పగించడం నాకు ఏమాత్రం ఇష్టం లేని పని. పాస్‌పోర్టును కళ్లముందే పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చే అధికారం కొందరు పన్ను నిపుణులకు ఐఆర్ఎస్ ఇచ్చింది, వారిని సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్లు అంటారు. కొంత రుసుము అయినా వారి దగ్గరికి వెళ్లడమే క్షేమం. ముందుగా సమయం తీసుకుంటే ఐఆర్ఎస్ వారి కొన్ని స్థానిక కేంద్రాల్లోనూ ఈ పరిశీలన ఉచితంగా చేస్తారు.

జాయింట్ రిటర్ను అంటే పన్ను తగ్గుతుందన్న మాటే అందరూ చెబుతారు, దాని వెనక ఉన్న బాధ్యత ఎవరూ చెప్పరు. అమ్మాయి పేరు మీద పటమటలో అద్దెకిచ్చిన ఫ్లాటు ఉన్నా, పెళ్లికి ముందు మీరు వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నా, ఆ అద్దె, ఆ వడ్డీ అమెరికా రిటర్నులో చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు దొరుకుతుంది గానీ, చూపకుండా వదిలేయడానికి వీలులేదు. అమెరికా పన్ను నివాసిగా లెక్కకు వచ్చేవారి విదేశీ ఖాతాల్లో సొమ్ము ఏడాదిలో ఏనాడైనా మొత్తం మీద 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే మరో నివేదిక కూడా వేయాలి. క్రెడిట్ కార్డు కోసం మొదలుపెట్టిన పని ఇంతదూరం పోతుందని ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇక ఆదాయం సంగతి. 2009 నాటి కార్డు చట్టం కింద, చెల్లించే స్తోమత చూడకుండా కార్డు ఇవ్వకూడదు. మొదట్లో ఈ నియమాన్ని అన్వయించిన తీరు వల్ల ఇంటిపట్టున ఉండే భార్యలకు కార్డులు దొరకలేదు. 2013లో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ ఆ నిబంధనను సవరించి, 21 ఏళ్లు నిండినవారు తాము వాడుకోగలమన్న సమంజసమైన నమ్మకం ఉన్న ఆదాయాన్ని, అంటే భర్త జీతం లాంటిదాన్ని, దరఖాస్తులో చూపవచ్చునని స్పష్టం చేసింది. కనుక మీ అమ్మాయి గృహిణినని నిజాయితీగా రాసి, కుటుంబ ఆదాయం వేసుకోవచ్చు. జీతం జమ అయ్యే ఖాతా ఇద్దరి పేర్లతో ఉంటే ఈ మాటకు మరింత బలం వస్తుంది.

ఐటిన్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. అల్లుడుగారి కార్డుకు అమ్మాయిని ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ ఖాతాను వాడుకునే అనుమతి ఉన్న మనిషిగా చేర్చమనండి. చాలా సంస్థలు ఇందుకు సోషల్ నంబరు కోసం పట్టుబట్టవు, పేరు, పుట్టిన తేదీ, చిరునామా చాలు. భార్యాభర్తల విషయంలో, ఒకరి ఖాతాను మరొకరు వాడుకునే అనుమతి ఉన్నప్పుడు, ఆ వివరం రుణచరిత్ర నమోదు చేసే బ్యూరోలకు ఇద్దరి పేరా చేరేలా చూడాలని సమాన రుణావకాశాల చట్టం కింద ఉన్న నిబంధన చెబుతోంది. అలా ఆమె పేరున ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు బ్యూరోల్లో చరిత్ర మొదలవుతుంది. అల్లుడుగారు ఆలస్యంగా కడితే ఆ మచ్చ కూడా ఆమె లెక్కలో పడుతుందన్నది మరచిపోవద్దు.

ఐటిన్ వచ్చాక సొంత కార్డుకు వెళ్లవచ్చు. క్యాపిటల్ వన్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వంటి సంస్థలు సోషల్ నంబరు స్థానంలో ఐటిన్‌ను ఒప్పుకుంటాయి. మొదటిసారే మంచి కార్డు రాకపోతే సెక్యూర్డ్ కార్డు తీసుకోవడంలో చిన్నతనం లేదు. మన బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు ఇచ్చినట్టే, అక్కడ సాధారణంగా 200 డాలర్ల నుంచి డిపాజిట్ కట్టించుకుని అంతే పరిమితితో కార్డు ఇస్తారు, కొన్ని నెలలు సక్రమంగా కట్టాక డిపాజిట్ వెనక్కి ఇచ్చి మామూలు కార్డుగా మారుస్తారు. తీసుకునే ముందు ఆ కార్డు చెల్లింపులను మూడు బ్యూరోలకూ పంపుతారా అని అడిగి తెలుసుకోవాలి. పంపని కార్డుతో చరిత్ర పెరగదు.

ఎక్కువ బ్యాంకులు చూసే ఫైకో స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది. ఆరు నెలలైనా నిండిన ఖాతా ఒకటి లేకుండా ఆ స్కోరు పుట్టదు. అందులో 35 శాతం బరువు సమయానికి కట్టడానికి, 30 శాతం ఉన్న పరిమితిలో ఎంత వాడుతున్నారన్నదానికి ఉంది. 300 డాలర్ల పరిమితి ఉన్న కార్డు మీద 280 డాలర్ల సరుకులు కొని, గడువులోగా మొత్తం కట్టేసినా, బిల్లు తయారైన రోజున బ్యూరోకు వెళ్లే లెక్కలో వాడకం చాలా ఎక్కువగా కనబడుతుంది. చిన్న పరిమితి ఉన్నంతకాలం బిల్లు రాకముందే కొంత కట్టేయడం దీనికి విరుగుడు. బిల్లు పంపాక కట్టడానికి కనీసం 21 రోజుల వ్యవధి ఇస్తారు. ఆ వ్యవధిలో పూర్తిగా కడితే వడ్డీ లేదు, కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే ఏడాదికి 20 శాతం దాటిన వడ్డీ పడటం అక్కడ మామూలు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తిచేసి ఎంఎస్ చదవడానికి ఎఫ్-1 వీసా మీద వెళ్లాడు. క్యాంపస్‌లో ఇంకా ఉద్యోగం దొరకలేదు. ఐటిన్ తీసుకోమని స్నేహితులు చెబుతున్నారట. ఈలోగా నా క్రెడిట్ కార్డుకు యాడ్-ఆన్ కార్డు తీసి పంపాను. అది వాడుతుంటే వాడికి అక్కడ స్కోరు వస్తుందా? – ఒక తండ్రి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. రాదు. మీ కార్డు చెల్లింపుల వివరాలు మన సిబిల్ వంటి సంస్థలకే వెళతాయి, అమెరికా బ్యూరోలకు చేరవు. పైగా రూపాయల కార్డుతో డాలర్లలో ఖర్చు చేసినప్పుడల్లా బ్యాంకులు రెండు నుంచి మూడున్నర శాతం దాకా మార్కప్ అనే అదనపు రుసుము వేస్తాయి, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ఆపదలో అక్కరకు వస్తుందని దాచుకోమనండి, కిరాణా సామానుకు వాడవద్దని చెప్పండి.

ఐటిన్ విషయంలో స్నేహితుల సలహా మీ అబ్బాయికి నప్పదు. పన్ను అవసరం ఉంటే తప్ప ఐఆర్ఎస్ ఐటిన్ ఇవ్వదు, ‘క్రెడిట్ కార్డు కోసం’ అన్న కారణం డబ్ల్యు-7లో ఎక్కడా లేదు. ఆదాయమే లేని ఎఫ్-1 విద్యార్థి ఏటా 8843 అనే ఫారం ఒకటి పంపితే సరిపోతుంది, దానికి ఏ నంబరూ తప్పనిసరి కాదు. పన్ను పడే స్కాలర్‌షిప్ వచ్చి, ఉద్యోగం లేకపోతే అప్పుడు ఐటిన్ మాట వస్తుంది. అంతకంటే సూటి దారి క్యాంపస్ ఉద్యోగం. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పని చేయవచ్చు. గ్రంథాలయంలోనో భోజనశాలలోనో చిన్న పని దొరికినా సరే, ఆ నియామక పత్రం, విశ్వవిద్యాలయపు విదేశీ విద్యార్థుల కార్యాలయం ఇచ్చే ఉత్తరం పట్టుకుని వెళితే సోషల్ నంబరు వస్తుంది. ఆ నంబరు జీవితాంతం ఒక్కటే. రేపు ఓపీటీ (చదువు తర్వాత తాత్కాలికంగా పని చేసే అనుమతి) మీద ఉద్యోగంలో చేరినా, హెచ్-1బికి మారినా అదే పనిచేస్తుంది, ఇప్పుడు మొదలైన రుణచరిత్ర కూడా దాని వెంటే వెళుతుంది.

ఏ నంబరూ లేకుండా కార్డు ఇవ్వకూడదన్న చట్టమేమీ లేదు. ఖాతాదారులను గుర్తించడం గురించి 2003లో అమల్లోకి వచ్చిన నిబంధన, అమెరికన్లు కానివారి విషయంలో పాస్‌పోర్టు నంబరును, జారీ చేసిన దేశం పేరును ఆధారంగా తీసుకోవడానికి బ్యాంకులకు అనుమతి ఇస్తోంది. అనుమతి అంతే, నిర్బంధం కాదు. కనుక ఆన్‌లైన్ దరఖాస్తు సోషల్ గడి దగ్గర ఆగిపోయినా, విశ్వవిద్యాలయానికి దగ్గరలో విదేశీ విద్యార్థులను రోజూ చూసే బ్యాంకు శాఖకు విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం, పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం తీసుకుని స్వయంగా వెళితే పని జరిగే అవకాశం ఎక్కువ. ఖాతా కూడా అక్కడే తెరవాలి. మీ అబ్బాయికి ఇక్కడ సొంత కార్డు గానీ విద్యారుణం గానీ ఉండి సిబిల్‌లో మంచి చరిత్ర ఉంటే మరో దారి ఉంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ 2019లో నోవా క్రెడిట్ అనే సంస్థతో కలిసి భారతదేశంతో సహా కొన్ని దేశాల రుణచరిత్రను చూసి కొత్తగా వచ్చినవారికి కార్డు ఇచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది.

మీరు రాయలేదు గానీ, వయసు ఒకటి చూసుకోవాలి. 21 ఏళ్ల లోపువారు సొంత ఆదాయం చూపాలి, లేదా ఆ అప్పుకు పూచీపడే పెద్దవారు ఉండాలి. ఎంఎస్ విద్యార్థులు సాధారణంగా ఆ వయసు దాటే ఉంటారు, బీటెక్ స్థాయి చదువుకే పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులకు మాత్రం ఇది వర్తిస్తుంది. లేని జీతం ఉన్నట్టు రాసి కార్డు తెచ్చుకున్నామని గొప్పగా చెప్పే కుర్రవాళ్లు ఉంటారు. బ్యాంకుకు తెలిసి తెలిసి అబద్ధం రాసివ్వడం అక్కడ ఫెడరల్ నేరం.

ప్రశ్న: మన పాన్ నంబరు, ఐటిన్ ఒకటేనా? అమెరికా బ్యాంకు ఫారంలో ‘ట్యాక్స్ ఐడెంటిఫికేషన్ నంబరు’ అని ఉంటే పాన్ రాయవచ్చా? – ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఒకటి కాదు. పాన్‌లో అక్షరాలు, అంకెలు కలిపి పది ఉంటాయి, దాన్ని మన ఆదాయపు పన్ను శాఖ ఇస్తుంది. ఫారంలో అమెరికా పన్ను నంబరు అడిగిన చోట సోషల్ గానీ ఐటిన్ గానీ రాయాలి. విదేశీ పన్ను నంబరు అని వేరే గడి ఉంటే అక్కడ పాన్ రాయాలి. క్రెడిట్ కార్డు దరఖాస్తులో పాన్ వల్ల ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: మా తమ్ముడు న్యూజెర్సీలో ఉన్నాడు. అక్కడ పరిచయమైన ఒక తెలుగు మధ్యవర్తి, తొమ్మిది అంకెల ‘క్రెడిట్ నంబరు’ ఇప్పిస్తానని, దానితో పాత అప్పులతో సంబంధం లేకుండా పెద్ద పరిమితి ఉన్న కార్డులు వస్తాయని చెప్పి డబ్బు అడుగుతున్నాడట. ఐటిన్ కోసం ఎదురుచూడటం కంటే ఇది సులువని మా తమ్ముడి ఆలోచన. – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వెంటనే ఆపించండి. అక్కడ దీన్ని సీపీఎన్ అంటారు. ప్రభుత్వం ఇచ్చే నంబర్లలో అలాంటిది ఒకటి లేదు. అమ్మేవారు చేతిలో పెట్టేది చాలాసార్లు ఎవరో చిన్నపిల్లలదో, ముసలివారిదో, చనిపోయినవారిదో సోషల్ నంబరు అయి ఉంటుంది. దాన్ని దరఖాస్తులో రాసిన క్షణం నేరం చేసినవాడు మధ్యవర్తి ఒక్కడే కాదు, సంతకం పెట్టిన మీ తమ్ముడు కూడా. అక్కడ పుట్టినవారికైతే అది జరిమానా, జైలు వరకే. వీసా మీద ఉన్నవారికి మోసం కేసు అంటే వీసా, గ్రీన్ కార్డు రెండింటి మీదా దెబ్బ పడుతుంది, తిరుగు ప్రయాణం దాకా రావచ్చు. మన భాష మాట్లాడాడని, మన జిల్లావాడేనని నమ్మి ఇలాంటి చోట మోసపోతున్నవారిని చూస్తే కోపం కంటే బాధ ఎక్కువ కలుగుతుంది.

డబ్బు ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆ నంబరును ఎక్కడా వాడవద్దని, సొంత వివరాలు కూడా అతనికి ఇచ్చి ఉంటే మూడు బ్యూరోల్లోనూ తన ఫైలును ఫ్రీజ్ చేయించుకోవాలని, అంటే తన పేరున ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా ఆపించుకోవాలని చెప్పండి. ఫ్రీజ్‌కు రుసుము లేదు. అసలైన ఐటిన్‌కు ప్రభుత్వ రుసుమే లేదని పైన చెప్పాను. ఫారం నింపి, పాస్‌పోర్టు పరిశీలించిన నిపుణుడు తన శ్రమకు తీసుకునే రుసుము న్యాయమైనదే, కానీ అతను కార్డు వస్తుందని హామీ ఇవ్వలేడు, ఇస్తే అనుమానించాలి.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు నుంచి ఎగుమతి వ్యాపారం చేస్తున్నాను. అమెరికాలో పరిమిత బాధ్యత సంస్థ ఒకటి, ఎల్ఎల్‌సీ పెట్టాను, దానికి ఈఐఎన్ అనే నంబరు వచ్చింది. నేను గుంటూరులోనే ఉంటాను. ఐటిన్ తీసుకుంటే అమెరికా క్రెడిట్ కార్డు ఇక్కడికే తెప్పించుకోవచ్చని సలహాదారు అంటున్నారు. – ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: సలహాదారుగారు ముందు మీకు చెప్పవలసినది వేరే ఉంది. విదేశీయుడు ఒక్కడే యజమానిగా ఉన్న ఎల్ఎల్‌సీ, దానికీ యజమానికీ మధ్య సొమ్ము కదిలిన ప్రతి సంవత్సరమూ 5472 ఫారాన్ని, దానితోపాటు పైపై వివరాలతో 1120 రిటర్నును వేయాలి. మీరు పెట్టుబడిగా పంపిన సొమ్ము కూడా అందులోకే వస్తుంది. వేయకపోతే జరిమానా 25,000 డాలర్లు. లాభం లేకపోయినా, పన్ను పడకపోయినా ఇది తప్పదు. మీ మిర్చి ఒక కంటెయినర్‌లో మిగిలే లాభం ఎంతో మీకే తెలుసు, దాని పక్కన ఈ అంకె పెట్టి చూసుకోండి.

ఈఐఎన్ సంస్థకు ఇచ్చే నంబరు. చిన్న వ్యాపార కార్డులకు బ్యాంకులు యజమాని వ్యక్తిగత పూచీ అడుగుతాయి, ఆ పూచీకి యజమాని సోషల్ గానీ ఐటిన్ గానీ కావాలి, అమెరికాలో నివసించే చిరునామా కూడా కావాలి. అద్దెకు దొరికే కాగితపు చిరునామాలను బ్యాంకులు ఇట్టే పసిగడతాయి. అక్కడ నివాసమూ, అక్కడి ఆదాయమూ, అక్కడి చరిత్రా మూడూ లేనివారికి ఐటిన్ ఒక్కటే ఉంటే కార్డు వచ్చే అవకాశం చాలా తక్కువ. అమెరికాలో పన్ను రిటర్ను వేయవలసిన ఆదాయం మీకు నిజంగా ఉంటే ఐటిన్ తీసుకోక తప్పదు, కార్డు ఆశతో మాత్రం దాని జోలికి వెళ్లవద్దు.

మన వైపు చట్టం కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడి నివాసి విదేశంలో సంస్థ పెట్టడం 2022 నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనల కిందికి వస్తుంది, మీ బ్యాంకు ద్వారానే ఆ వివరాలు నమోదు కావాలి. అక్కడి బ్యాంకు ఖాతాను, సంస్థలో వాటాను ఏటా మన ఆదాయపు పన్ను రిటర్నులోని, విదేశీ ఆస్తులు చూపే ఎఫ్ఏ షెడ్యూలులో చూపాలి. చూపకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానాకు అవకాశం ఉంది. మీకు కావలసింది డాలర్లలో ప్రయాణ ఖర్చులు, ప్రకటనల ఖర్చులు పెట్టుకునే సౌకర్యమే అయితే, ఎగుమతిదారుగా మీ బ్యాంకులోనే, విదేశీ మారకంలో వచ్చిన రాబడిని అలాగే ఉంచుకునే ఈఈఎఫ్‌సీ ఖాతా తెరుచుకోవచ్చు. మార్కప్ తక్కువ ఉన్న మన దేశపు కార్డు ఒకటి దానికి తోడుంటే చాలు.

ప్రశ్న: మనవడు పుట్టాడని ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళుతున్నాము. అక్కడ ఉన్నన్నాళ్లు మా పేరున ఒక కార్డు తీసుకోవచ్చా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: విజిటర్ వీసా మీద వెళ్లినవారికి పన్ను అవసరం ఉండదు కనుక ఐటిన్ రాదు, దాని కోసం ప్రయత్నించడం వృథా. మీ అబ్బాయి తన కార్డుకు మిమ్మల్ని ఆథరైజ్డ్ యూజర్‌గా చేరిస్తే మీ పేరు ముద్రించిన కార్డు మీ చేతికే వస్తుంది. బిల్లు బాధ్యత మాత్రం పూర్తిగా అతనిదే. తిరిగి వచ్చేటప్పుడు తీయించేయండి.

ప్రశ్న: మా కోడలు రెండేళ్లుగా ఐటిన్‌తో కార్డు వాడుతోంది. ఈ మధ్య పని అనుమతి వచ్చి సోషల్ నంబరు కూడా వచ్చింది. పాత స్కోరు పోతుందా? ఇంకో చిక్కు, పాస్‌పోర్టులో ఆమె పేరు ఒక రకంగా, బ్యాంకులో ఒక రకంగా ఉంది. – ఒక అత్తగారు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: పోదు, కానీ తనంతట తానుగా కొత్త నంబరు వెంట రాదు, కదిలించాలి. సోషల్ వచ్చాక ఐటిన్‌ను ఇక వాడకూడదు. పూర్తి పేరు, చిరునామా, ఐటిన్, సోషల్ కార్డు నకలు, ఉంటే ఐటిన్ కేటాయించినప్పుడు వచ్చిన సీపీ 565 నోటీసు నకలు జతచేసి ఐఆర్ఎస్‌కు ఉత్తరం రాస్తే, పాత నంబరును రద్దుచేసి దాని కింద ఉన్న పన్ను రికార్డును సోషల్ కిందికి చేరుస్తారు. ఐఆర్ఎస్ ఈ సంగతి బ్యాంకులకు చెప్పదు. కార్డు ఇచ్చిన ప్రతి సంస్థకూ విడిగా ఫోను చేసి నంబరు మార్పించాలి. ఒకటి రెండు బిల్లులు గడిచాక మూడు బ్యూరోల నివేదికలు తెప్పించి చూసుకోవాలి. ఇప్పుడు వారానికి ఒకసారి వాటిని ఉచితంగా తీసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో గుర్తింపు కుదరకపోతే టపాలో అడగవచ్చు. ఏదైనా నివేదికలో పాత కార్డు కనబడకపోతే ఆ బ్యూరోకే గుర్తింపు పత్రాలతో రాసి రెండు ఫైళ్లను కలపమని కోరాలి.

పేరు చిక్కు చిన్నది కాదు, మన తెలుగువారికి మరీ. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసుకునే అలవాటు వల్ల పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో పడుతుంది. అలాంటివారి అమెరికా వీసాలో ఆ పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, సొంత పేరు ఉండవలసిన చోట ఎఫ్ఎన్‌యూ (సొంత పేరు తెలియదు అని అర్థం) అనే మూడక్షరాలు పడతాయి. అక్కడి బ్యాంకు గుమాస్తా దాన్నే ఆమె పేరనుకుని ఖాతాకు ఎక్కించిన సందర్భాలు ఉన్నాయి. ఆడపిల్లలకైతే పెళ్లి తర్వాత పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఒకచోట నమోదవుతుంది. బ్యూరోలు పేరు, పుట్టిన తేదీ, చిరునామా, నంబరు అన్నీ కలిపి చూసి మనిషిని పోల్చుకుంటాయి. నంబరు మారుతున్న ఈ సమయంలోనే పేరు కూడా తేడాగా ఉంటే ఒకే మనిషికి రెండు ఫైళ్లు ఏర్పడే ప్రమాదం ఎక్కువ.

కాబట్టి మీ కోడలు ముందు పాస్‌పోర్టును సరిచేయించుకోవడం మేలు. అమెరికాలో ఉంటూనే భారత కాన్సులేట్ ద్వారా ఇంటిపేరు, సొంత పేరు విడదీసి కొత్త పాస్‌పోర్టు తీసుకోవచ్చు. ఆ తర్వాత సోషల్ కార్డు, ఆపైన డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు, చివరగా కార్డు సంస్థలు, ఈ వరుసలో మార్పిస్తే ప్రతి కార్యాలయానికీ ముందు కార్యాలయం ఇచ్చిన కాగితం ఆధారంగా దొరుకుతుంది. ఇదంతా ముగిసేదాకా కొత్త కార్డుకు గానీ కారు అప్పుకు గానీ దరఖాస్తు చేయవద్దని చెప్పండి. చేసిన ప్రతి దరఖాస్తు విచారణగా నివేదికలో రెండేళ్లు ఉండిపోతుంది. ఒకవేళ ఎవరైనా తిరస్కరించినా, 30 రోజుల్లోగా ఆ నిర్ణయాన్ని తెలిపి, కారణాలనైనా, వాటిని అడిగి తెలుసుకునే హక్కు ఉందన్న సంగతినైనా రాతపూర్వకంగా పంపాలి. ఆ ఉత్తరంలో ఏ బ్యూరో నివేదిక చూశారో కూడా ఉంటుంది, తప్పు ఏ ఫైలులో ఉందో దాన్నిబట్టి తెలిసిపోతుంది. పాత ఐటిన్ కార్డును మాత్రం మూసేయవద్దు. వార్షిక రుసుము లేని కార్డయితే నెలకొక చిన్న ఖర్చు దాని మీద పెట్టి కట్టేస్తూ ఉంటే, రెండేళ్ల ఆ చరిత్ర కొత్త నంబరు కింద కొనసాగుతుంది.